దిగినప్పుడు లెక్కలోకి రాని గుట్ట

మా అక్క కారు తాళంచెవిని బియ్యం డబ్బాలో దాచిందని నాకెవరూ చెప్పలేదు. అన్నం వండుదామని డబ్బాలో చెయ్యి పెడితే వేలికి తగిలింది. బావ పోయి అప్పటికి పది నెలలు దాటింది. నేను మిర్యాలగూడలో మా మ్యాచింగ్ సెంటర్‌ను, అంటే జాకెట్ బట్టలూ లైనింగులూ అమ్మే మా కొట్టును, మా ఆయనకు అప్పజెప్పి అక్క దగ్గర నాలుగు రోజులుందామని కోదాడ వచ్చాను. తాళంచెవికి బావ కట్టుకున్న ఎర్రదారం అట్లాగే ఉంది. కొంగుతో తుడిచి అక్క ముందు పెట్టాను.

"ఇనుము ఉంటే బియ్యానికి పురుగు పట్టదంటారు," అంది అక్క, నా మొహం చూడకుండా.

"అట్లనా. మరి కారుల ఎలుకలు కాపురం పెట్టినయి. దాంట్ల ఏం ఏస్తవ్?"

అక్క తాళంచెవిని మళ్ళీ తీసుకుపోయి బియ్యంలో పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

మా అక్క కారు తోలుతుంది. అయితే ఏంటట అంటారు ఇప్పటి పిల్లలు. సూర్యాపేటలో మేమిద్దరం పుట్టి పెరిగిన వీధిలో ఆడపిల్ల సైకిలు తొక్కితేనే ఇటు నాలుగిళ్ళు, అటు నాలుగిళ్ళు తలుపులు తీసి చూసేవి. అక్కకు కారు నేర్పింది బావ. ఆయన చిన్నప్పుడు లారీ మీద క్లీనరు, తర్వాత డ్రైవరు, ఆ తర్వాత కోదాడలో హైవే పక్కన లారీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. వాళ్ళకు పిల్లల్లేరు. నడివయసు దాటాక కారు కొని, ఆ వారమే అక్కను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. "జిందగీ మొత్తం నేనే తోలిన. ఇగ నువ్వు తోలు, నేను కిటికీలకెల్లి సూస్త," అన్నాడట.

ప్రతి చలికాలం ఇద్దరూ ఎటో ఒకవైపు వెళ్ళేవారు. డిక్కీలో గుడారం, చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు. నీళ్ళు కనిపించిన చోట దిగి, గుడారం వేసి పడుకునేవారు. చుట్టాలు నవ్వేవారు, ఇల్లుండగా ఈ సంచారమేంటని. వాళ్ళు పట్టించుకోలేదు. అయితే ఒక్క ఒప్పందం ఉండేది. దారి గుట్ట ఎక్కే చోట స్టీరింగు బావది. "సాఫుగ ఉన్నది నీది, గుట్ట నాది," అనేవాడు. అందుకని అక్క అన్నేళ్ళు తోలినా ఒక్క ఘాట్ రోడ్డు కూడా ఎక్కించలేదు.

బావ పోయాక కారు ముట్టలేదు. బావ తమ్ముడు, అక్కకు మరిది, చెడ్డవాడేం కాదు. కర్మ రోజునే అందరి ముందూ అన్నాడు. "సంవత్సరీకం అయ్యాక కారు నేను తీసుకుపోతా వదినా. నడిపేవాళ్ళు లేక తుప్పు పట్టడమెందుకు?" అక్క సరేనని తల ఊపింది. ఆ రోజు నుంచి ఏది అడిగినా తల ఊపడమే. తిన్నవా అంటే ఊపుతుంది, తినదు. కొట్టు కిరాయికిద్దామంటే ఊపింది. ఆమె అట్లా అన్నిటినీ వదిలేస్తూ పోతుంటే, ఏదో ఒక రోజు తననే వదిలేసుకుంటుందని నాకు భయం పట్టుకుంది. కారు పోతే ఇక ఆమె ఆ ఇంటి గడప దాటదు. సంవత్సరీకం లోపల మా అక్క మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలి. అంతే. మా ఆయన అంటుంటాడు నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని. అవును, మూడే.

"అక్కా, సాగర్ నీళ్ళ ఒడ్డుకు పోదాం. బావ గుడారం ఉంది గదా. ఒక్క రాత్రి ఉండి వద్దాం."

అక్క తల ఊపలేదు. మొదటిసారి అడ్డంగా ఊపింది. పక్కగదిలోంచి అత్తమ్మ గొంతు వచ్చింది. అత్తమ్మ అంటే బావ తల్లి, అక్క అత్తగారు, వరసకు నాకూ అత్తమ్మే. ఆమెకు నడుము వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఏడాది దాక గుట్ట ఎక్కొద్దు, ఏరు దాటొద్దు. మా ఇంట్ల మనిషి పోతే అదే కట్టుబాటు. తెల్వదా నీకు?"

"తెల్సు అత్తమ్మా. గుట్ట ఎక్కకుంట, ఏరు దాటకుంట పోతం. కృష్ణకు ఈ ఒడ్డునే ఉంటం. తొవ్వ నేను సూసిన."

ఫోనులో మ్యాపు తీసి చూపించాను. ఆమెకు అది ఏమీ అర్థం కాలేదు, ఫోనును అటూ ఇటూ తిప్పి నాకిచ్చేసింది. కాసేపు చెంప మీద చెయ్యి పెట్టుకొని ఆలోచించింది.

"అయితే నేను గూడ వస్త. మీ ఇద్దరి మీద నాకు నమ్మకం లేదు."

అత్తగారే బయల్దేరుతానంటే అక్కకు కాదనడానికి ఏం మిగల్లేదు. కానీ కారు తోలనని తేల్చి చెప్పింది. "డ్రైవర్ని పెట్టు. లేకపోతే నేను రాను." సరేనన్నాను. మెకానిక్కును పిలిపించి ఎలుకల్ని వెళ్ళగొట్టించి, బ్యాటరీ మార్పించాను. బావ కొట్టు దగ్గర పరిచయమున్న ఒక కిరాయి డ్రైవరును మాట్లాడాను. అతని అత్తగారి ఊరు హాలియా. ఆ సంగతి విన్నప్పుడే నా బుర్రలో ఒక ఆలోచన పడింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

బయల్దేరే రోజు డిక్కీ తెరిచి చూస్తే గుడారం పక్కన రెండు మోపుల వరిగడ్డి ఉంది. దాని మీద వడ్లు తడవకుండా కప్పే నీలం పట్టా. ఇది అత్తమ్మ పని. "నేల మీద పంటే సలి ఎముకలకు ఎక్కుతది. కింద గడ్డి పరిచి, దాని మీద పట్టా ఏసి, దాని మీద మీ డేరా ఏసుకోండ్రి," అంది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అదీ గాక మాట బాగానే ఉందనిపించింది. వరి తప్ప వేరే పంట ఎరగని వాళ్ళం, పరుపంటే మాకు గడ్డే.

అక్కను ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టాను. వెనక అత్తమ్మ, నేను. హుజూర్‌నగర్ దాటాక కాలువ మొదటిసారి అడ్డం వచ్చింది. నేను ఓరగా అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ కిటికీలోంచి చూసి, "కాల్వ ఏరు గాదు. మనుషులు తవ్విందానికి మైల లేదు," అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆ కాలువా దాని పిల్లకాలువలూ ఎన్నిసార్లు అడ్డమొచ్చినా మాకు అభ్యంతరం లేకపోయింది.

నేరేడుచర్ల దాటాక పెద్ద వంతెన. ఇసుక మధ్య పాయలుగా నీళ్ళు. అక్క ఒక్కసారి వెనక్కి తిరిగింది. "ఇది మూసి కదే. మూసి ఏరు కాదా?"

నాలుక కరుచుకున్నాను. మిర్యాలగూడకూ కోదాడకూ మధ్య బస్సులో నేను లెక్కలేనన్ని సార్లు దాటిన వంతెన అది. ఏరు అనగానే కృష్ణ ఒక్కటే బుర్రలోకి వచ్చింది, మూసి ఒకటుందనే తట్టలేదు. రోజూ చూసే మొహం గుర్తుండదంటారు, అట్లా అయింది. కారు అప్పటికే సగం వంతెన మీద ఉంది. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు.

అత్తమ్మ కళ్ళు మూసుకుంది. దండం పెట్టుకుంది. కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ కిటికీలోంచి విసిరింది. అది నీళ్ళలో పడలేదు, వంతెన మీదే పడి దొర్లింది. "మూసి ఏరు గాదు, పెద్ద వాగు," అంది. "పోనియ్యి."

మిర్యాలగూడలో మా ఆయన కొట్టు ముందు నిలబడి పులిహోర డబ్బా అందించాడు. డిక్కీలో గడ్డి మోపులు చూసి, "ఊరోళ్ళందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ. పేపర్ల పడకుంట ఇంటికి రాండ్రి," అన్నాడు. నేను అతని వైపు చూసిన చూపుకు లోపలికి పోయి లైనింగు బట్టలు సర్దుకున్నాడు.

నిడమనూరు దాకా, హాలియా దాకా అటూ ఇటూ వరి. పొట్టకొచ్చి గింజ పోసుకుంటున్న వరి. ఆ దారిలో నేను ఒకటి గమనించాను. ముందు ఏ బస్సో అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు కాస్త ఆలస్యంగా వేసినప్పుడల్లా, అక్క కుడికాలు మ్యాటును గట్టిగా తొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదు, ఉత్త రబ్బరే. అయినా తొక్కుతోంది. హాలియా ఇంకా రాకముందే ఆ మ్యాటు మీద మడత పడింది. నాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది.

పెద్దవూర దాటాక సాగర్ ఊళ్ళోకి పోలేదు. అక్కడ కాలనీయే గుట్ట మీద ఉందని అత్తమ్మకు ఎవరో చెప్పారట, వద్దంది. దేవరకొండ దారి పట్టాం. వరి అయిపోయింది. ఎర్రనేల, రాళ్ళు, పత్తి, కందులు, తర్వాత అవి కూడా పోయి అడవి. మేం చేరిన చోటు పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారానికే అక్కడ హైదరాబాదు కార్లు బారులు తీరుతాయి. ఒక మలుపు తిరగగానే కింద నీళ్ళు కనిపించాయి. గుట్టల మధ్యకు చేతులు చాచి పడుకున్న నీళ్ళు. అవతలి ఒడ్డున నల్లమల, ఒకదాని వెనక ఒకటి నీలంగా. అక్క, "అబ్బ," అంది చిన్నగా. ఆ ఒక్క మాట కోసం నేను అంత దూరం పోయాను.

దారి అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దిగుతోంది. అత్తమ్మ సీటు పట్టుకొని ముందుకు వంగింది.

"ఇది గుట్టనా?"

"గుట్టనే అత్తమ్మా, కాని మనం ఎక్కుతలేం. దిగుతున్నం."

ఆమె ఆలోచించింది. "ఎక్కొద్దన్నరు. దిగొద్దని ఎవ్వలు అనలే," అంది. బాగుంది, తర్కం కుదిరింది. నలుగురం సంతోషంగా దిగాం.

గుడారం దగ్గర అక్క మారింది. నేనూ డ్రైవరూ ఆ కర్రల్ని ఎటు దూర్చాలో తెలియక కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, "అట్ల గాదే, తప్పుకో," అని తానే అందుకుంది. అత్తమ్మ చెప్పినట్టే కింద గడ్డి, దాని మీద పట్టా, దాని మీద గుడారం. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి తలుపు అటు కాకుండా పెట్టింది. మేకు మీద రాయితో కొడుతూ, "ఆయన అయితే ఈ మూల ఎప్పుడూ వదులుగా పెట్టేవాడు," అంది. పది నెలల్లో బావ గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. నేను ఏమైనా అంటే ఆగిపోతుందేమోనని పొయ్యి వెలిగించే పనిలో పడ్డాను.

పొద్దు గూకకముందే పుట్టిలో, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవలో, వలలు తీసుకొచ్చిన ఒకామె మాకు చేపలిచ్చింది. అత్తమ్మ రెండుసార్లు పెట్టించుకొని తింది. చేపలు తీసుకుపోయే ట్రాలీ ఆటో ఒడ్డుకొచ్చింది. అదే నేను చూస్తున్నది. డ్రైవరును పక్కకు పిలిచి, "అన్నా, నువ్వు ఈ ఆటోల దేవరకొండ తొవ్వకు పోయి, ఆడికెల్లి బస్సుల హాలియా పో. రేపు మేము వచ్చి నిన్ను ఎక్కించుకుంటం," అన్నాను.

"మరి కారెవరు తెస్తరమ్మా?"

"మా అక్క."

అతను అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి ఆటో ఎక్కాడు. అక్కతో అతను ఊళ్ళో పడుకోవడానికి పోయాడని చెప్పాను.

తెల్లవారుజామున గుడారం కదిలింది. ముందు అక్క లేచింది. నా నడుము కింద నుంచి పట్టా జరుగుతోంది. తల బయటపెట్టి చూస్తే చుట్టూ బర్రెలు. ఒడ్డున మేపే మందలోంచి వచ్చి, పట్టా అంచుల కింద నుంచి మా పరుపును తీరిగ్గా లాక్కొని తింటున్నాయి. ఒకటి అత్తమ్మ తల దగ్గర నమలుతోంది. అత్తమ్మ లేచి కూర్చొని, "అయ్యో, పాపం, ఈడ వరిగడ్డి ఏడ దొరుకుతది వీటికి," అని చేత్తో ఇంకో గుప్పెడు లాగి దాని నోటికి అందించింది. ప్రపంచంలో గుడారాలు వేసుకొనేవాళ్ళు ఎందరో ఉంటారు. బర్రెల మేతను పరుచుకొని పడుకున్నది మేమే అయ్యుంటాం.

టీ తాగాక అక్క అటూ ఇటూ చూసింది. "డ్రైవరేడి?"

"హాలియాకు పంపించిన."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"రాడు. కారు నువ్వే తోల్తవ్."

పెళ్ళయి ఇన్నేళ్ళు కోదాడలో ఉండి అక్క మాట సగం ఆంధ్ర వైపు ఒరిగింది. కోపమొస్తే మాత్రం నేరుగా సూర్యాపేటకు వచ్చేస్తుంది. "ఎవల్నడిగి పంపినవ్? నన్ను అడగకుంట నా బతుకు నువ్వు నడుపుతవా?"

"నువ్వు నడుపుతలేవు గదా. పది నెలల సంది సూస్తున్న. బియ్యంల దాసిపెట్టినవ్ దాన్ని."

"నా ఇష్టం. దాసుకుంట. పారేసుకుంట. నీకేంది?"

"నాకేందా? నాకున్నది ఒక్క అక్కనే."

ఆమె కళ్ళు నిండాయి. నావీ నిండాయి గానీ నేను తగ్గలేదు. ఆమె ఫోను తీసింది. డ్రైవరును వెనక్కి పిలుస్తానంది. ఆ గుంతలో సిగ్నల్ లేదు. ఫోనును ఆకాశం వైపు ఎత్తి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. బర్రెలు కాసే ముసలాయన దూరం నుంచి కేకేసి చెప్పాడు. "ఈడ రాదమ్మా. గుట్ట మీదికి పోతె వస్తది."

"గుట్ట మీదికా?" అంది అత్తమ్మ.

ముగ్గురం ఒకేసారి తలెత్తి చూశాం. నిన్న దిగిన దారి నిటారుగా పైకి పోతోంది. మూడు పక్కలా గుట్టలు, ముందు నీళ్ళు. ఇంకో దారి లేదు. వచ్చేటప్పుడు దిగుడే గదా అని మురిసిపోయాం, దిగినవాళ్ళం మళ్ళీ ఎక్కాలి గదా అని నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. కాలువ కింద బతికినవాళ్ళ బుద్ధి ఇది. మా నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి, వెనక్కి పోయే పని వాటికి ఉండదు.

అక్క మొహం అటు తిప్పుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. నాకూ నవ్వు ఆగలేదు. అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు.

"నవ్వుండ్రి. నేనైతే ఎక్క. సంవత్సరీకం దాక ఈడనే ఉంట. నీళ్ళున్నయి, చేపలున్నయి."

"మరి ఆడ సంవత్సరీకం ఎవలు పెడ్తరు అత్తమ్మా?" అన్నాను.

ఆమె పోయి నీళ్ళ పక్కన రాయి మీద కూర్చుంది. మేం గుడారం విప్పి, మిగిలిన గడ్డి బర్రెలకు వేసి, పట్టా మడిచి డిక్కీలో పెట్టాం. ఎండ పైకెక్కింది. తాళంచెవి బానెట్ మీద పెట్టాను. అక్క దాన్ని చూస్తూనే ఉంది, ముట్టలేదు.

అత్తమ్మ లేచి వచ్చింది. అక్క ఎదురుగా నిలబడింది.

"ఈ కట్టుబాటు ఎందుకు పెట్టిన్రో తెల్సా నీకు?"

"తెలీదత్తమ్మా."

"మా అత్త చెప్పింది నాకు. ఏడ్సేటోళ్ళకు కండ్లు సక్కగ కనబడవు. గుట్ట ఎక్కితే కాలు జారి పడ్తరు, ఏరు దాటితే మునుగుతరు. ఒక్కలు పోయిన ఇంట్ల ఇంకొకలు పోవద్దని పెట్టిన్రు. అంతే. దేవునికేం పని దీంతోని." ఆగింది. అక్క గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది. "నీకు తొవ్వ కనబడుతుందా బిడ్డా?"

అక్క గుట్ట వైపు చూసింది, దారి మొదటి నుంచి చివరి దాకా. తల ఊపుతుందేమోనని నేను భయపడ్డాను. ఊపలేదు.

"కనపడుతుంది. కానీ గుట్ట ఆయనది అత్తమ్మా. నాకు రాదు. నాకు భయం."

"వాడు లేడు గదా," అంది కన్నతల్లి. "ఇగ అది ఎవలదో ఒకలది గావాలె."

అక్క తాళంచెవి తీసుకుంది.

సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు ఇరుకు. పై నుంచి ఏదైనా వస్తే ఆపడానికి నేను ముందే దిగి పరుగెత్తుకుంటూ మలుపు దగ్గర నిలబడ్డాను. కారు మలుపులోకి వచ్చి, ఒక్క కుదుపు కుదిపి, ఆగిపోయింది. వెనక్కి ఒక జానెడు జారింది. హ్యాండ్‌బ్రేకు చప్పుడు నాకు పైదాకా వినిపించింది. అద్దంలోంచి అక్క మొహం తెల్లగా పాలిపోయి కనిపించింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ జారింది. ఈ పని నేనే చేశాను గదా అనుకున్నాను.

వెనక తలుపు తెరుచుకుంది. అత్తమ్మ దిగింది. దారి పక్కన వెతికి, రెండు చేతులా పట్టేంత రాయి ఒకటి పొట్టకు ఆనించుకొని ఎత్తింది. "అత్తమ్మా, ఎనకకు పోవద్దు," అని కేక వేశాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. తాను టైరు వెనక్కి పోకుండా పక్కన నిలబడి, వంగి, రాయిని టైరుకు అడ్డం దోసింది. లేచి అరచేత్తో డిక్కీ మీద రెండుసార్లు చరిచింది. లారీ క్లీనర్లు అట్లాగే చరుస్తారు. ఆమె కొడుకు మొదట నేర్చుకున్న పని అదే.

"ఇగ ఎనకకు రాదు. నిమ్మళంగ పోనియ్యి," అంది.

కారు రాయికి ఆనుకొని ఆగింది. అక్క ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది. ఇంజను గొంతు పెంచింది. కారు వణికింది, కదిలింది, మలుపు తిరిగి నన్ను దాటి పైకి పోయింది. ఆగితే మళ్ళీ జారుతుందని ఆగలేదు. అది చూసి నేను అక్కడే రోడ్డు మీద కూర్చొని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

లేచి కిందికి చూస్తే అత్తమ్మ వస్తోంది. నడుము వంచి, ఆ రాయిని మళ్ళీ పొట్టకు ఆనించుకొని, గుట్ట ఎక్కుతోంది. నేను రాయి అందుకోబోతే ఇయ్యలేదు. "ముంగట ఇంకో మలుపుంటే?" అంది. గుట్ట ఎక్కొద్దని మమ్మల్ని కాపలా కాయడానికి వచ్చిన మనిషి, మా ముగ్గురిలో దాన్ని రాయి మోసుకుంటూ ఎక్కింది ఆమె ఒక్కతే. సగం దూరం ఆగి ఆగి ఎక్కింది. మధ్యలో ఒకచోట రాయి దించి దాని మీదే కూర్చొని, "మా వోడు ఎన్ని గుట్టలు ఎక్కించిండో," అంది. కాసేపు ఏడ్చింది. లేచి మళ్ళీ రాయి ఎత్తుకుంది.

పైన అక్క కారు పక్కన నిలబడి ఉంది. నీళ్ళ సీసా మూత తీయలేకపోతే నేను తీసిచ్చాను. ఫోనుకు సిగ్నల్ వచ్చి వరసగా మోగింది. ఎవరూ డ్రైవరుకు ఫోన్ చేయలేదు. అత్తమ్మ వచ్చి రాయిని డిక్కీలో, పట్టా మీద పెట్టి తలుపు వేసింది.

అక్కడి నుంచి అక్కే తోలింది. హాలియాలో టిఫిన్ హోటలు ముందు డ్రైవరు మా కోసం నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ కుడివైపు తలుపు దగ్గరికి వచ్చాడు. అక్క అద్దం దించి, "వెనక కూర్చో అన్నా," అంది. అతను అత్తమ్మ పక్కన ఒదిగి కూర్చొని కోదాడ దాకా నిద్రపోయాడు. నేను మాత్రం మిర్యాలగూడలో దిగిపోయాను. మూసి వంతెన మీద అత్తమ్మ ఈసారి బిళ్ళ వేయలేదని అక్క ఫోనులో చెప్పింది.

మరుసటి నెల సంవత్సరీకం. అందరం కోదాడలో ఉన్నాం. అక్క ఆ పొద్దున తానే కారులో పోయి పూలూ, కూరగాయలూ తెచ్చింది. ఆ సంగతి మరిదికి తెలియదు, అతను అప్పుడే వచ్చాడు. భోజనాలయ్యాయి. అక్క వాకిట్లో ఇస్తరాకులు ఎత్తుతోంది. మరిది చెయ్యి కడుక్కొని వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. మెల్లగానే అడిగాడు. "అమ్మా, ఇవాళ కారు తీసుకుపోతా. తాళం ఎక్కడుంది?"

నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వాకిలి వైపు, కోడలి వైపు చూసింది. అక్క నడుములో దోపుకున్న కొంగు చివర ఎర్రదారం వేలాడుతోంది.

"తోలేదాని దగ్గరుందిరా," అంది.